పాత గనుల మట్టిగుట్టలను పచ్చ చేయుట



వరి, పత్తి, మిర్చి గూర్చి ఈ కార్యక్రమంలో మీరు తరచు వింటూనే ఉంటారు. ఈ పూట నేను చెప్పబోయేది పంట గూర్చి కాదు, గుట్ట గూర్చి. అదీ భూమిలోంచి పుట్టిన గుట్ట కాదు, మనుషులు పోసిన గుట్ట. రామగుండం, మందమర్రి, ఇల్లెందు, మణుగూరు, భూపాలపల్లి వైపు శ్రోతలకు నేను దేనిని గూర్చి మాట్లాడుతున్నానో ఇప్పటికే తెలిసి ఉండును. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల పక్కన లారీలు పోసిన మట్టీ రాళ్ల గుట్టలు. కాగితాల మీద వీటిని ఓవర్‌బర్డెన్ డంపులు అంటారు. జనం నోట అవి ఓబీ గుట్టలు.

"గుట్ట గనివాళ్లది గదా, మనకెందుకు?" అని కొందరు అడుగుతారు. గుట్ట వారిదే, కాదనను. కాని దాని మీద పడిన వాన అక్కడ ఆగదు. మట్టిని వెంటబెట్టుకొని కింది చేలలోకి, చెరువులోకి దిగుతుంది. తూము పూడితే నీళ్లు అందనిది మన పొలానికే. అందుచేత ఈ సంగతి గని ఇంజనీర్లకు ఎంత అవసరమో, గుట్ట కింద సేద్యం చేసేవారికి అంతకు రెండింతలు అవసరం.

గోదావరి లోయలో ఇల్లెందు దాపున బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ గుర్తించినాడు. 1889లో తవ్వకం మొదలయినది. అప్పటి నుండి దాదాపు 85 ఏళ్లు బొగ్గునంతా బాయిలలో దిగి భూమి లోపలి నుండే తీసినారు. సింగరేణిలో మొదటి ఓపెన్‌కాస్టు గని 1975లో రామగుండంలో వచ్చినది. బాయి దిగి తీసేటప్పుడు పైకి వచ్చే రాయి కొద్ది. ఓపెన్‌కాస్టులో అట్లా కాదు. బొగ్గు మీద ఉన్న భూమినంతా ఎత్తి పక్కకు పోయవలసినదే. ఒక టన్ను బొగ్గు కోసం అనేక టన్నుల మట్టీ రాయీ తోలవలసి వస్తుంది. ఆ తోలినదే ఈ గుట్ట.

ఇక్కడ ఒక్క విషయం గమనించవలెను. గనిలో తవ్వకం పైనుండి కిందికి జరుగుతుంది. కనుక మొదటి లారీలో వచ్చేది మన చేల పైమట్టి. వందల ఏళ్లు ఆకులు రాలి, పేడ కలిసి, వానపాములు తిరిగి తయారయిన మట్టి అది. చివరి లారీలలో వచ్చేది 200, 300 అడుగుల లోతులోని రాయి, ఎండా గాలీ ఎరుగని రాయి. గుట్ట పోసేటప్పుడు మొదట వచ్చినది అడుగున పడుతుంది, చివర వచ్చినది నెత్తిన కూర్చుంటుంది. అనగా ఓబీ గుట్ట తలకిందులు చేసిన భూమి. దాని మీద ఇరవై ఏళ్లయినా గడ్డి మొలవకపోవడంలో వింత ఏమున్నది? ఈనాటి పద్ధతి ప్రకారం పైమట్టిని వేరుగా తీసి, వేరుగా దాచి, తరువాత గుట్ట మీద పరచవలెను. నేను మాట్లాడేది అట్లా జరగని పాత గుట్టల గూర్చి.

పాత గుట్ట ఎక్కితే మట్టి ఒక్క తీరున ఉండదు. పది అడుగులు నడిస్తే రంగు మారుతుంది. తెల్లగా, ఇసుకగా చేతిలోంచి జారిపోయేది ఇసుకరాయి పొడి. దానిలో నీరు నిలవదు. పసుపు, ఎరుపు కలిసి జిగటగా ఉండేది బంకమట్టి. అది తడిస్తే జారుతుంది, ఎండితే ఇటుకలాగా బిగుస్తుంది. నల్లగా పొరలు పొరలుగా విరిగేది బొగ్గు కలిసిన పలకరాయి. వేసవిలో దాని మీద చెప్పు లేకుండా కాలు పెట్టలేము. పైగా ఈ నల్లరాయిలో కొన్నిచోట్ల పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. దానికి గాలీ నీరూ తగిలితే పులుపు పుట్టి మట్టి ఆమ్లమవుతుంది. గుట్ట అడుగున ఊరే నీరు తుప్పు రంగులో కనిపిస్తే ఈ సంగతి అనుమానించవలెను.

కాబట్టి పరీక్షకు మట్టి తీసేటప్పుడు మామూలు పొలంలో మాదిరిగా నాలుగు మూలలా తీసి అంతా కలపకూడదు. తెల్లది వేరు, ఎర్రది వేరు, నల్లది వేరు సంచులలో పంపవలెను. కలిపి పంపినారో, మూడింటిలో దేనికీ సరిపడని సలహా వస్తుంది. ఫలితం వచ్చిన తరువాత ఆశ్చర్యపడవద్దు. నత్రజని, సేంద్రియ పదార్థం బహు తక్కువ అనే వస్తుంది. ఆమ్లం ఎక్కువున్నచోట సున్నం ఎంత వేయవలెనో పరీక్ష చూసిన వారే చెప్పవలెను, చేతి అంచనాతో వేయరాదు.

ఇక వాలు. లారీ వెనుక డబ్బా ఎత్తి మట్టి ఒంపితే ఆ మట్టి తనంతట తాను ఒక వాలులో నిలబడుతుంది. అది సుమారు 37 డిగ్రీలు. మన భాషలో చెప్పాలంటే, నాలుగు అడుగులు ముందుకు పోతే మూడు అడుగులు కిందికి దిగే వాలు. బొగ్గు గనుల భద్రతా నిబంధనలు 37న్నర డిగ్రీలు మించరాదంటాయి. 30 మీటర్లు దాటిన గుట్టను మెట్లు మెట్లుగా చేయవలెనంటాయి. ఈ కాలపు పర్యావరణ అనుమతులలో మొత్తం గుట్ట వాలు 28 డిగ్రీలు దాటకూడదని షరతు పెట్టడం వాడుక అయినది. రెండడుగులు పోతే ఒక అడుగు దిగే వాలు అయితే ఈ షరతుకు లోబడే ఉంటుంది. మొక్కకు అదీ నిటారే, కాని గడ్డి పట్టు దొరకుతుంది. నాలుగుకు మూడు వాలు మీద విత్తనం చల్లడమంటే ఇంటి పెంకుల మీద చల్లినట్లే.

వాలు తగ్గించడం బుల్డోజర్ల పని, గనివారి పని. ఆ ఖర్చు గ్రామం భరించేది కాదు, భరించవలసిన పనీ లేదు. మనం అడిగి చేయించవలసినది అది. అడిగేటప్పుడు "మొక్కలు పెట్టండి" అని అడిగేవారే ఎక్కువ. మొక్కలు పెట్టడం సులువు, ఫోటోకు బాగుంటుంది. ముందు వాలు, నీటిదారి సరిచేయమని అడగవలెను.

నీటి సంగతి చెప్పేముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవలెను. ఏ గని, ఏ ఊరు అన్నది ఇక్కడ అవసరం లేదు. సలహా నాది, తప్పూ నాది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొద్ది ఏళ్లే. డిప్లొమా చదువులో, ఆ తరువాత వాటర్‌షెడ్ పనులలో మాకు నూరిపోసిన మాట ఒకటే: వాన ఎక్కడ పడితే అక్కడే ఆపవలెను, పరిగెత్తే నీటిని నడిపించవలెను, నడిచే నీటిని నిలబెట్టవలెను, నిలిచిన నీటిని ఇంకించవలెను. మెట్ట చేలలో ఇది అక్షరాలా నిజం. ఇరవై ఏళ్లకు పైబడిన ఒక ఓబీ గుట్ట మీద మొక్కలు పెంచాలని గనివారు, పంచాయతీ కలిసి అనుకొని నన్ను సలహాకు పిలిచినారు. గుట్ట కింద చిన్న చెరువు, దాని కింద 40 ఎకరాల లోపు ఆయకట్టు. నేను చేలో చెప్పినట్లే అక్కడా చెప్పినాను. పై మెట్టు అంచు వెంబడి, గుట్ట పొడుగునా, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తవ్వించినాను. తవ్విన మట్టి గట్టుగా వేసి, దాని మీద వేప, కానుగ మొక్కలు నాటించినాను. మృగశిర కార్తెలో తొలి వానకు కందకం నిండుగా నీళ్లు. చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

జులైలో ముసురు పట్టినది. మూడో రాత్రి వాన ఆగకుండా కురిసింది. తెల్లవారక ముందే ఆ చెరువు నీరటి తాత నుండి ఫోను. నేను పోయేసరికి కందకం ఒకచోట తెగి ఉన్నది. గుట్ట పొడుగునా నేను పోగుచేసిన నీరంతా ఆ ఒక్క చోటికి ఉరికి, మనిషి దిగితే తల కనిపించనంత లోతు గండి కోసుకొని కిందికి దిగినది. పది రోజుల కిందట నాటు వేసిన మూడు మళ్లు రాయీ ఇసుకా కింద పూడిపోయినవి. రాత్రి పూట కనుక పొలంలో ఎవరూ లేరు, అదే అదృష్టం. ఆ మళ్లలో ఒకటి ఒక అవ్వది. ఆమె నన్ను తిట్టలేదు. "బిడ్డా, మళ్ల నాటేసుకుందామంటె నారు యాడికెల్లి తెస్తవ్?" అని మాత్రం అడిగింది. మూడు ఊళ్లు తిరిగి మిగిలిన నారు కట్టలు పోగు చేసి తెచ్చినాను. ఒక్క మడికి సరిపోయినది. మిగిలిన రెండూ ఆ వానకాలం బీడే.

నీరటి తాత గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకొని అన్నాడు: "మత్తడి లేకుంట చెరువు కట్ట కడ్తరా సారూ? నువ్వు గుట్ట మీద చెరువు తవ్వినవ్. మత్తడి మరిచినవ్."

ఆ మాట నా చదువులో లేదు. లెక్క వేసి చూస్తే అర్థమయినది. ఒక ఎకరా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీరు, అనగా 400 టన్నుల బరువు. చేలో అయితే కింద గట్టి నేల ఉన్నది, ఎంత ఇంకినా మంచిదే. ఓబీ గుట్ట కింద గట్టి నేల ఎక్కడో ఉన్నది. మధ్యలో అంతా వదులుగా పోసిన మట్టి. పైన నిలబెట్టిన నీరు లోపలికి ఇంకి గుట్టను బరువెక్కిస్తుంది, అడుగునున్న బంకమట్టిని మెత్తబరుస్తుంది, ఒక్కనాడు గుట్టకు గుట్టే జారుతుంది. నా గుట్ట మీద గండితో పోయినది. అన్నిచోట్లా అంతటితో పోలేదు. 1966 అక్టోబరు 21న బ్రిటన్‌లోని వేల్సు ప్రాంతంలో అబర్‌ఫాన్ అనే ఊరి మీదికి బొగ్గు గని వ్యర్థపు గుట్ట జారింది. ఆ గుట్టను నీటి ఊటల మీద పోసినారు. బడిలో ఉన్న పిల్లలు, ఊరివారు కలిసి 144 మంది చనిపోయినారు. వారిలో 116 మంది పిల్లలే. మన దేశంలో 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియాలో ఓపెన్‌కాస్టు గని మట్టికట్ట కూలి 23 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. గుట్ట జారడం అన్నది మాటవరసకు చెప్పే భయం కాదు.

కాబట్టి తోటి అధికారులకు ముఖ్యంగా చెప్పునది ఏమనగా, గుట్ట మీద నీటిని బంధించవద్దు. మెల్లగా, చెప్పిన దారిన దించవలెను. మరుసటి ఏడు మేము చేసిన పని ఇది. మెట్టు అంచున రెండడుగుల ఎత్తు గట్టు వేసినాము, నీరు అంచు మీదుగా దూకకుండా. మెట్టు నేలను బయటికి కాక గుట్ట వైపుకు, 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వంచినాము. గుట్ట పక్కన ఎర్రమట్టి దిమ్మిస చేసి కాలువ తీసినాము, నీరు లోపలికి ఇంకకుండా. ఆ కాలువకు 100 అడుగులకు అరడుగు నుండి ఒక అడుగు వాలు చాలును. ఎక్కువైతే కాలువే కోసుకుపోతుంది. వాలు చూసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ వాడలేదు. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల పైపు, కర్రలతో కట్టుకున్న "ఏ" ఆకారపు చట్రం, అంతే. మెట్ల మీది కాలువలన్నీ రాళ్లు పేర్చిన ఒక మెట్ల కాలువలో కలుస్తవి. అది గుట్ట అడుగున ఒక కుంటలోకి దిగుతుంది. మట్టి అక్కడ పేరుకుంటుంది, తేరిన నీరు చెరువుకు పోతుంది. గుట్ట మొదట్లో రాతి గోడ, దాని చుట్టూ కాలువ గనివారు కట్టించినారు. ఆ కుంటలో పేరిన మట్టిని ప్రతి ఏడూ రోహిణి కార్తె లోపల ఎత్తిపోయవలెను. ఈ పని ఒక్క ఏడు మరిచిపోతే కుంట ఉండీ లేనట్లే.

గండ్లు పడిన చోట అడుగు నుండి పైకి, వరుసగా రాతి కట్టలు వేయవలెను. కింది కట్ట తల, పై కట్ట అడుగు ఒక్క మట్టంలో ఉండేట్లు చూసుకోవలెను. ప్రతి కట్టకు నడిమి భాగం పక్కలకంటె తగ్గి ఉండవలెను, లేనిచో నీరు పక్కనుండి కోసుకొని పోతుంది. ఇది కూడా మత్తడి సూత్రమే. చిన్న గండ్లకు రాయి కూడా అక్కరలేదు. పచ్చి వావిలి కొమ్మలు వానకాలంలో దగ్గర దగ్గరగా పాతి, అడ్డంగా తడక అల్లితే చాలు. వావిలి బతుకుతుంది, మేకలు దానిని అంతగా ముట్టవు.

నీటిదారి సరి అయిన తరువాత గడ్డి. చెట్టు కాదు, గడ్డి. ఇది చెప్పితే చాలామంది నొచ్చుకుంటారు. హరితహారం అంటే చెట్లు గదా అంటారు. చెట్టు వేరు ఒక్కచోట లోతుకు దిగుతుంది. చెట్టుకు చెట్టుకు మధ్య నేల బోడిగానే ఉంటుంది, అక్కడ వాన కొడుతూనే ఉంటుంది. పైపొరను జల్లెడలాగా పట్టి ఉంచేది గడ్డి వేరు. పప్పుజాతి మొక్క నత్రజని తెస్తుంది. ఈ రెండూ కలిసి రెండు మూడేళ్లు పని చేసిన నేల మీద పెట్టిన చెట్టు బతుకుతుంది. బోడి రాయి మీద పెట్టిన చెట్టు, నీళ్ల ట్యాంకరు వచ్చినన్నాళ్లు బతుకుతుంది.

ఏ గడ్డి, ఏ మొక్క అని పుస్తకం చూడబోయే ముందు గుట్టనే చూడండి. ఎవరూ విత్తకుండానే ఆ గుట్ట మీద ఏవో కొన్ని మొలిచి ఉంటాయి. రెల్లు గడ్డి, వెంపలి, తంగేడు, ఒకటీ అరా మోదుగ. వెంపలి పప్పుజాతిది, మనం చేలో కలుపు అని పీకేసేదే ఇక్కడ పనికి వచ్చే మొక్క. కాయ ఎండినప్పుడు ఆ విత్తనం దులిపి దాచుకోవలెను. దానికి తోడు స్టైలో విత్తనం, జీలుగ, జనుము, ఉలవ కలిపి చల్లవలెను. మేము ఎకరాకు స్టైలో 4 కిలోలు, జీలుగ 5 కిలోలు, ఉలవ 5 కిలోలు, వెంపలి దొరికినంత చల్లినాము. జీలుగ, ఉలవ త్వరగా నేల కప్పి తొలి వానలను కాస్తాయి. స్టైలో నెమ్మదిగా లేచి నిలదొక్కుకుంటుంది. స్టైలో విత్తనానికి పెంకు గట్టి. కాగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, వేడి కొంచెం తగ్గినాక నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి, ఆరబెట్టి విత్తవలెను. బెల్లం పానకంలో రైజోబియం కల్చరు కలిపి పట్టించడం మీకు తెలిసినదే. ఆరిన తరువాతనే, నీడలోనే.

వాలు మీద విత్తనం జారిపోకుండా ఒక ఉపాయం ఉన్నది. గునపంతో అడ్డంగా, మట్టం వెంబడి, బెత్తెడు లోతు గీతలు గీయవలెను. గీతలు కొసకు కొస కలవకుండా, పైవరుసలో వదిలిన సందు కింది వరుసలో గీతకు ఎదురుగా వచ్చేట్లు ఉంటే నీరు ఎక్కడా పోగు కాదు. చెరువు మట్టి, చివికిన పేడ, విత్తనం కలిపి ఉండలు చేసి ఆ గీతలలో పెట్టవలెను. 2015లో మొదలయిన మిషన్ కాకతీయ పనులలో చెరువు పూడికమట్టి చేలకు తోలుకొన్న రైతులకు ఆ మట్టి విలువ నేను చెప్పనక్కర లేదు. మా చెరువులో పైన పేరుకున్న గుట్ట ఇసుకను తీసి పక్కన వేసి, దాని కిందనున్న పాత ఒండ్రుమట్టినే ఉండలకు వాడినాము. ఆడవాళ్లు పదిహేను మంది కూర్చుని ఉండలు చేసినారు. పూడిపోయిన మడి గల అవ్వ కూడా వచ్చింది. ఆమె చేసిన ఉండ ఎండినా పగలలేదు. పేడ పాలు ఎంత కలపాలో ఆమె చేతికే తెలుసు.

నిటారు చోట్ల వట్టివేరు మంచిది. నిలువు లెక్కన మూడు నాలుగు అడుగులకు ఒక వరుస, వరుసలో జానెడు దూరానికి తక్కువగా ఒక కుదురు, కుదురుకు రెండు మూడు పిలకలు. సందు వదిలితే నీరు ఆ సందునే వెతుక్కొంటుంది. కొబ్బరి పీచు వలలు పరిచి, వాటి కింద విత్తనం వేసే పద్ధతీ ఉన్నది. ఖర్చు ఎక్కువ కాబట్టి మరీ జారే చోటికే వాడవలెను. కొన్నేళ్లలో పీచు చివికి మట్టిలో కలిసిపోతుంది. ఆ లోపల గడ్డి అల్లుకోవలెను.

రెండో ఏడు జీలుగనో స్టైలోనో ఒక మొక్క పీకి వేరు చూడండి. బుడిపెలు ఉండవలెను. ఒక బుడిపె గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తే నత్రజని పని జరుగుతున్నట్లే. ఆకు కింద చీమలూ చెదలూ తిరగడం మొదలయితే ఇంకా మంచిది. చేలో చెదలను తిట్టుకొంటాము గాని, గుట్ట మీద మట్టిని తయారు చేసేవి అవే.

అప్పుడు చెట్లు. పునర్వసు, పుష్యమి కార్తెలలో నాటవలెను. గుంతలు పెద్దవి వద్దు. వాలు మీద అడుగున్నర చాలు. తవ్విన రాయి తీసివేసి రెండు తట్టల ఒండ్రు, ఒక తట్ట పేడ ఎరువు, పిడికెడు సూపర్ ఫాస్ఫేటు కలిపి నింపవలెను. తీసిన రాళ్లను మొక్క మొదటి చుట్టూ పేర్చితే ఎండకు తడి ఆరదు. కానుగ, వేప, నల్లతుమ్మ, చండ్ర, నేరేడు, రేల, మోదుగ, అడుగున కుంట పక్కన వెదురు, మెట్ల చదును మీద సీతాఫలం. పలు జాతులు కలిపి పెట్టండి. నీలగిరి త్వరగా లేస్తుంది నిజమే, కాని అదొక్కటే పెట్టిన చోట కింద గడ్డి సరిగా రాదు, గడ్డి లేని చోట గండి పడుతుంది. సర్కారు తుమ్మ గుట్ట మీద బతుకుతుందని దానిని తెచ్చి పెట్టడం నాకు ఇష్టం లేదు. గుట్టతో ఆగుతుందా అది? నాలుగేళ్లలో చెరువు కట్ట మీద ఉంటుంది. నాగపూరులోని నీరి పరిశోధన సంస్థవారు గుంగావ్ మాంగనీసు గని వ్యర్థపు గుట్టల మీద చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్, జీవన ఎరువులు వాడి చెట్లు పెంచి చూపినారు. చక్కెర మిల్లు దగ్గరలో ఉన్నవారికి అది అందుబాటులో ఉన్న ఉపాయం.

ఇక చేయకూడనివి. గుట్ట మొదట్లో మట్టి గాని, ఇసుక గాని, మొరం గాని తవ్వవద్దు. ఇంటి పునాదికి నాలుగు ట్రాక్టర్లు అని మొదలవుతుంది. గుట్ట తన కాళ్ల మీద నిలబడి ఉన్నది. ఆ కాళ్లనే మనం తవ్వుతాము. వానకాలంలో ఆ అంచున పశువుల కొట్టం, గుడిసె వేయవద్దు. గుట్ట మీద పొడుగాటి పగుళ్లు కనిపించినా, అడుగున కొత్తగా నీరు ఊరినా, నేల ఉబ్బినట్లు ఉన్నా ఆ రోజే గనివారికి, పంచాయతీకి చెప్పి కిందివారిని తప్పించవలెను. నల్లరాయి ఉన్నచోట పొగ, గంధకం వాసన వస్తే లోపల మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకొన్నదని తెలుసుకోండి. దాని మీద నీళ్లు పోయబోవద్దు, నడవవద్దు. బంకమట్టి కప్పి గాలి అందకుండా చేయడం తెలిసినవారు చేయవలసిన పని. గుట్ట మీద కూరగాయలు వేసుకొంటామని అడిగేవారు ఉన్నారు. మట్టి, నీరు రెండూ పరీక్ష కాకుండా తినే పంట వేయవద్దు.

మేకల సంగతి తెగని తగవు. మొదటి మూడేళ్లు మేత మూసివేయాలని మేము అంటే, మేకలున్న నాలుగు ఇళ్లవారు "మరి మా మేకలు ఏం తినాలె?" అన్నారు. న్యాయమే. కంచె వేసి కాపలా పెడితే రాత్రి పూట తోలుతారు. చివరకు కుదిరినది ఇది: తోలుట లేదు, కోసుకొని పోవచ్చు. దసరా తరువాత స్టైలో, గడ్డి జానెడు మోడు వదిలి కొడవలితో కోసుకోవచ్చు. ఆ నాలుగు ఇళ్లవారికే మొదటి వంతు. వారే కాపలా. ఒక్కసారి మాత్రం మాట తప్పినారు. ఆ ఎండకాలం మేత చాలలేదు, వారిని తప్పు పట్టలేను. ఇక్కడ ఒక షరతు: గని సరిహద్దు లోపలి గుట్ట అయితే రాతమూలకంగా అనుమతి తీసుకొనకుండా ఎవరూ ఎక్కరాదు. పని నడుస్తున్న గుట్ట అయితే అసలే కూడదు.

ఇప్పుడు ఆ గుట్ట ఎట్లా ఉన్నదంటే, తూర్పు వాలు వానకాలంలో పచ్చగా ఉన్నది. దూరం నుండి చూసినవారు దానిని మామూలు గుట్ట అనుకొంటారు. ఎండకాలంలో గోధుమ రంగు, గడ్డి మోళ్లు. చెట్లలో నల్లతుమ్మ, కానుగ బాగున్నవి. నేరేడు సగం పోయినవి. నల్లరాయి పట్టీ ఒకటి ఇంకా బోడిగానే ఉన్నది. సున్నం వేసి రెండుసార్లు విత్తినాము, రాలేదు. నీరటి తాత ప్రతి వేసవిలో తూము రాయి మీద సుద్దతో గీత గీస్తాడు, మట్టి ఎంతవరకు వచ్చినదో. మునుపు ఆ గీత ఏడాదికేడాది పైకి జరిగేది. నిరుడు పాత గీత మీదనే గీసినాడు. అవ్వ మడి మూడో ఏడు తిరిగి నాటుకు వచ్చినది. ఇసుక ఎత్తిపోయడానికి పదహారు ట్రాక్టర్లు పట్టినవి.

పడమటి వాలు మిగిలి ఉన్నది. దాని మీద మెట్లు సరిచేయడం పూర్తయినది, కాలువ రాళ్లు పేరుస్తున్నారు. రోహిణి లోపల అది ముగిస్తే, మిరుగం పొద్దున విత్తనపు ఉండలు మొదలు పెడతాము. వట్టివేరు పిలకలు మాకు ఇంకా చాలలేదు. మీ ఊళ్లో కాలువ గట్ల మీద ఎక్కువగా ఉన్నవారు మీ మండల వ్యవసాయాధికారి ద్వారా తెలియజేస్తే మేమే వచ్చి తవ్వుకొని పోతాము.